మొదటి నీళ్లు

ఓపిక నాకు పుట్టుకతో రాలేదు. ఎనభైల్లో సిద్దిపేటకు కోడలిగా వచ్చేనాటికి కూడా రాలేదు. మా అత్తమ్మ పదిళ్ల బట్టలు ఉతికేది, నేను ఇస్త్రీ చేసేదాన్ని. మడత సరిగా కూర్చోకపోతే విప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. బొగ్గుల పెట్టె చల్లారేదాకా నాకు కాలు నిలిచేది కాదు.

సోమవారం చర్చి బట్టలు వచ్చేవి. ఫాదర్ పూజలో వేసుకునే పొడవాటి తెల్లంగీ, బల్ల మీద పరిచే గుడ్డలు, అప్పుడప్పుడు తెల్లంగీ మీద కప్పుకునే రంగు వస్త్రం. ఆ రంగును బట్టే అత్తమ్మ వాళ్ల రోజులు చెప్పేది. ఊదా వస్తే ఉపవాసాలు, తెలుపైతే పండుగ, ఎరుపైతే దేవుడి కోసం ప్రాణం విడిచినవాళ్ల రోజు, ఆకుపచ్చ వస్తే ఏ విశేషమూ లేని మామూలు రోజులు. ఫాదర్ మెడలో వేసుకునే పొడుగు పట్టీ కాడికి గుర్తని అక్కడ బట్టలు చూసుకునే సిస్టరమ్మ ఒకసారి చెప్పింది. "కాడి ఎద్దుకు గదా" అన్నాను. "మాకూ ఉంటది, కనపడదు" అని నవ్విందామె.

పేచీ అంతా చిన్న గుడ్డలతోనే. నడుమ ఎర్రదారంతో సిలువ కుట్టిన ఆ జానెడు గుడ్డలతో ఫాదర్ పూజ గిన్నె తుడుస్తాడు. వాటిని మాత్రం ముందే ఒకసారి నీళ్లలో పిండి, తడిగా విడిగా పెట్టి ఇచ్చేవాళ్లు.

"మనకియ్యకముందే పిండుడేంది?" అని అత్తమ్మ ప్రతి సోమవారం రగిలిపోయేది. "అందరి పురుటి బట్టలు, సావు బట్టలు గీ చేతులే ఉతికినయి. గీ జానెడు గుడ్డ మనం ముట్టుకుంటే మైలైతదా?"

ఆ మాట నాకూ గుచ్చుకునేది. పోయి అడుగుదామంటే వద్దనేది. అడిగి, అవుననిపించుకోవడం ఎందుకని ఆమె భయం.

ఈస్టర్ తర్వాతి సోమవారం, పిండని గుడ్డ ఒకటి పొరపాటున మూటలో వచ్చింది. సిలువ పక్కన పూజ గిన్నెలోని ద్రాక్షరసం మరక. అత్తమ్మ చెరువుకు పోయింది. నాకు పట్టరానంత సంతోషమైంది. మన చేతి పనేందో చూపిద్దామని పెరట్లో బండ మీద వేసి సబ్బు రుద్ది బాదాను. నీళ్లు మోరీలో పడి, మురుగుతో కలిసి పోయాయి. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, నేనే తీసుకుపోయి సిస్టరమ్మ చేతిలో పెట్టాను.

"సూడున్రి, మరక ఉన్నదా?"

ఆమె ముఖం పాలిపోయింది. "ఆ నీళ్లు ఎటు పోయినయమ్మా?"

"మోరీలకు."

"తప్పు నాదే, చూడకుండ పంపిన" అని, అప్పుడు చెప్పింది. పూజ చేశాక ఆ రసం వాళ్లకు ప్రభువు రక్తం. గుడ్డకంటిన చుక్క కూడా ఎవరి కాళ్ల కిందా పడకూడదని, ముందు వాళ్లే పిండి, ఆ మొదటి నీళ్లు చర్చి ఆవరణలో మందార చెట్టు మొదట్లో పోస్తారట. మైల మాటే లేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. తిట్టలేదు, అదే నన్ను చంపింది.

ఇంట్లో చెప్పలేకపోయాను. కారణం చెబితే మోరీ సంగతీ చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అత్తమ్మ మైల అన్నప్పుడల్లా ఇస్త్రీ పెట్టె పట్టుకుని అటు తిరిగేదాన్ని. మోరీ దాటాల్సి వస్తే అంగ పెద్దది వేసేదాన్ని. మన దేవుడు కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నా కాలు వినేది కాదు.

మూడో సోమవారం అత్తమ్మ చర్చి మూటను విప్పనే లేదు. "ఇచ్చి అస్త. మనల మైలనుకునేటోళ్ల పని నాకద్దు" అని లేచింది.

గడపలో అడ్డం నిలబడి ఒక్క గుక్కలో అంతా చెప్పాను. ఆమె మూట దించి కూర్చుంది.

"గట్లనా" అంది. "నువ్వేమో మోరీల పోస్తివి."

"తెల్వక పోసిన అత్తమ్మా."

"నేను గూడ తెల్వకనే గదా, గిన్నేండ్లు తిట్టిన. నడువు."

మేం పోయేసరికి సిస్టరమ్మ వరండాలో, మూటతో పంపడం మర్చిపోయిన చిన్న గుడ్డలు బేసిన్ నీళ్లలో పిండుతోంది. అత్తమ్మ మెట్ల కిందే ఆగింది. ఇన్నేళ్లు అడగనిది అప్పుడడిగింది. "సిస్టరమ్మా, గా నీళ్లు చెట్టుకు నేను పొయ్యనా? నా చేతులు పనికొస్తయా?"

సిస్టరమ్మ బేసిన్ వైపు చూసింది, అత్తమ్మ వైపు చూసింది. తర్వాత గుడ్డలు తీసి పక్కన పెట్టి, మెట్లు దిగివచ్చి బేసిన్‌ను రెండు చేతులతో అందించింది.

అత్తమ్మ అడుగులు చూసుకుంటూ మందార దాకా నడిచి, వంగి, మెల్లగా పోసింది. పని కాగానే కొంగుకు చేతులు తుడుచుకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు తుడుచుకోలేదు. తడి ఆరేదాకా చేతులు ముందుకు పట్టుకుని అక్కడే నిలబడింది.