తాడు లేని నాలుగో అంతస్తు

ఒకసారి దుంగ అనుకుని మొసలి మీద కూర్చుని రంగూన్ నది దాటి సేక్కాన్ రేవులో దిగానని నేను చెబుతూ ఉంటాను. టిక్కెట్టు అడక్కపోవడంతో అనుమానం వచ్చిందని కూడా కలుపుతాను. వినేవాళ్ళు నమ్మరు, మళ్ళీ చెప్పమంటారు. అందుకే మేం స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని వారం రోజులు ఉండబోతున్నామని చెప్పినప్పుడు, మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ "మొసలి మీదేనా ప్రయాణం?" అన్నారు.

ఇది మాత్రం నిజం. మా అక్క కూతురు విహార ఓడలో గదులు సర్దే పని చేస్తుంది. ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కేలోపు దానికి ఆ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో వారం సెలవు దొరికింది. ఆ వారం రంగూన్ రావచ్చు కదా అంటారేమో. వయసులో ఉన్న పిల్లలు వస్తే సర్కారు మళ్ళీ దేశం దాటనిస్తుందో లేదో ఎవరూ చెప్పలేని రోజులివి. మాలాంటి పాత సరుకుని ఎవరూ ఆపరు. అందుకని, "నేను రాలేను పిన్నీ, మీరే రండి. ఇల్లు నేను తీసుకుంటాను" అంది. వీసా అడగాలంటే ముందు అక్కడ ఉండబోయే ఇంటి చిరునామా చూపించాలట. ఆ వీసా వస్తుందో రాదో ఇప్పటికీ తేలలేదు. నేను చెప్పేది ఇల్లు కుదిరిన కథ.

రంగూన్‌లో లమ్మడా పేటలో మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. సేక్కాన్ రేవులో గుమాస్తాగా చేసే అన్నయ్య, పబేడాన్‌లో బట్టల కొట్లో చేసే వదిన, ఇంట్లో జాకెట్లు కుట్టే నేను, మోకాళ్ళు పట్టేసిన అక్క. ఇంతే మేం. అక్క రాజ్యం బాల్కనీ. ఈ వీధిలో అందరికీ ఉన్నట్టే మాకూ బాల్కనీ నుంచి ఒక తాడు కిందికి వేలాడుతుంది. కింది చివర క్లిప్పు, పై చివర గంట. కూరలవాడు తాడు లాగుతాడు, గంట మోగుతుంది, సంచి తగిలిస్తాడు, అక్క పైకి చేదుకుంటుంది. మెట్లు దిగడం మానేసి అక్క ఆ తాడుతోనే సంసారం నడిపింది.

ఆవిణ్ణి ఒక్కసారి దింపబోయాం. క్రిస్మస్‌కి చర్చికి తీసుకెళ్దామని కుర్చీకి రెండు వెదుళ్ళు కట్టి నలుగురు మోశారు. వీధి గుమ్మం ముందరి చివరి మలుపు దగ్గర కుర్చీ ఒరిగింది. వీధంతా చూసింది. ఒక పిల్ల నవ్వింది కూడా. "నాను సచ్చినా మరి కుర్సీ ఎక్కను" అంది అక్క, పైకి చేరాక.

ఒక మధ్యాహ్నం, కరెంటు ఉన్న కాసేపట్లో, అక్క కూతురు నా ఫోనుకి ఇళ్ళ ఫొటోలు పంపింది. లిఫ్టు ఉన్నవి అప్పటికే ఎవరో తీసేసుకున్నారు, లేదా మా అందరికీ చాలవు. మిగిలింది ఒకటే. నాలుగో అంతస్తు, తెల్ల గోడలు, బాల్కనీ నిండా సముద్రం. లిఫ్టు లేదు. ఆదివారం సాయంత్రానికల్లా ఎంతమంది వస్తారో చెప్పాలంది.

అక్క ఫొటోని చాలాసేపు చూసింది. వేళ్ళతో పెద్దది చేసి బాల్కనీ ఇనప చువ్వలు కూడా చూసింది.

"ఒకపాలి కుర్సీలోనే ఎత్తీయండి, మరేటనను. ఆ బాల్కనీలో కూకుని తాడు లాగుకుంటాను. నా పిల్ల నా పక్కనుంటాది."

కుర్చీ ఎక్కనన్న మనిషి ఆ మాట అంది. ఇంక నేను ఊరుకోగలనా? ఆ స్పెయిన్ ఇంటి యజమానురాలికి ఫోనులోని అనువాదం సాయంతో స్పానిష్‌లో సందేశం పెట్టాను: మీ బాల్కనీ నుంచి తాడు ఏ వైపు వేలాడుతుంది? గంట ఉందా, మా గంట మేం తెచ్చుకోవాలా? మెట్ల మీద కుర్చీ తిరుగుతుందా?

జవాబు మర్యాదగానే వచ్చింది. మెట్లు ఇరుకు, కుర్చీ తిరగదు. తాడు లేదు. బాల్కనీ నుంచి తాడు పట్టుకుని దిగడం ఆ భవనంలో నిషిద్ధం, దయచేసి అలాంటి ప్రయత్నం చేయవద్దు.

వదిన నవ్వి నవ్వి కూలబడింది. అక్క మాత్రం నవ్వలేదు. "తాడు నేకుండా నాలుగో అంతస్తులో ఎలా బతుకుతారే ఆళ్ళు?" అని ఒక్కసారి అడిగి, బాల్కనీలోకి పోయి కూర్చుంది.

"సూశావా?" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. "తాడు నేదు, కుర్సీ తిరగదు. మనం ముగ్గురం ఎల్దాం. కింది ఇంటి ఆంటీ అక్కని సూసుకుంటాది."

"కన్నతల్లిని ఇక్కడ ఒగ్గీసి మనం ఎల్లి ఆ పిల్లకి ఏటి సూపిస్తాం? మన మొకాలా?" అన్నాను.

"మరేటి సెయ్యమంటావు?"

"నలుగురం అని సెప్పు."

"నీ మాట మీద నలుగురం అంటే, ఆ మెట్ల కాడ అక్కని కూకోబెట్టి మనం పైన పండుకోవాల. ఆదివారం పార్దన అయ్యాక ముగ్గురం అని సెప్పెస్తాను. ఇంక మాటాడకు."

మాట్లాడకు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మర్నాడు అన్నయ్య, వదిన పనుల్లోకి వెళ్ళగానే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి అక్క ముందు నిలబడ్డాను.

"నెగు. అక్కడ మెట్లు ఎంతో ఇక్కడా అంతే. ఇక్కడ దిగి ఎక్కీగలిగితే అక్కడ నిన్ను ఎవడాపుతాడు?"

"ఏటే, నీ మొసలి మీద దింపుతావా?"

"మొసలికి మోకాళ్ళు నొప్పంట. నడిసే దిగాల."

తిట్టుకుంటూనే చేతికర్ర అందుకుని లేచింది. మొదటి రోజు మూడో అంతస్తు మలుపు దాకా. అక్కడి చైనా తాత ఏమీ అడక్కుండా ఒక పొట్టి స్టూలు తెచ్చి వేశాడు. అది ఆ తర్వాత తీయలేదు. ఇంకో రోజు రెండో అంతస్తు. అక్కడి బర్మా ఆవిడ గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని "ప్యేబ్యే, ప్యేబ్యే" అంటూ, నెమ్మదిగా రమ్మని తన కాళ్ళతోనే నడిచి చూపించేది. అక్క ఒక్కో మెట్టుకీ స్పెయిన్‌ని తిట్టేది. దిగడం కన్నా ఎక్కడం తేలికని కనిపెట్టింది. ఎక్కేటప్పుడు కర్ర అడ్డం, రెండు చేతులతో మెట్ల పక్క కమ్మీ పట్టుకుంటేనే కాలు లేస్తుందని కూడా.

సాయంత్రం అన్నయ్య రాగానే చెప్పాను: "అక్క ఇయాల రెండో అంతస్తు దాకా దిగి ఎక్కింది."

"మొసలి ఎదురొచ్చిందా?" అన్నాడు చొక్కా విప్పుకుంటూ.

అక్క కూడా చెప్పింది. "దాంతో కలిసి నువ్వూ మొదలెట్టావా?" అన్నాడు. మొసలి గురించి చెవులప్పగించి వినే ఇంట్లో మెట్ల గురించి వినేవాళ్ళు లేకపోయారు. నాకు పట్టుదల రెట్టింపైంది. చెప్పి ఒప్పించే పని ఇంక లేదనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, అన్నయ్య లుంగీతో చాప మీద నడుం వాల్చాడు. ఎండ తగ్గాక మేనకోడలికి ఫోను చేస్తానన్నాడు. వదిన గిన్నెలు కడుగుతోంది. మేమిద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాం.

ఆ రోజు అక్క తిట్టలేదు. స్టూలు మీద కూర్చుంది, లేచింది. టీ వద్దంది. చివరి మలుపులో, కుర్చీ ఒరిగిన చోట, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుంది. తర్వాత వీధిలోకి దిగింది. ఎండకి కళ్ళు చిట్లించుకుని మా బాల్కనీని కింది నుంచి చూసింది.

"ఓలమ్మ, ఇంత ఎత్తుందేటే!"

కూరలవాడు బండి ఆపేశాడు. అక్క వాడి వైపు కూడా చూడకుండా తాడు అందుకుని లాగింది. పైన గంట మోగింది.

"అక్కా! గంట మోగుతంది, సూడు!" అన్నయ్య కేక, నిద్ర గొంతుతో.

మళ్ళీ లాగింది.

"అక్కా! కూరలోడు! ఎక్కడున్నావు?"

మూడోసారి గంట తెగిపోతుందేమోనన్నంతగా లాగింది. అన్నయ్య విసుగ్గా లుంగీ బిగించుకుంటూ బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాడు. కూరలవాణ్ణి చూశాడు. నన్ను చూశాడు. అప్పుడు అక్కని చూసి, వెనక్కి తిరిగి ఆవిడ కుర్చీ చూసుకుని, మళ్ళీ కిందికి వంగాడు.

అక్క తన చేతికర్రని క్లిప్పుకి తగిలించింది.

"లాగరా!" అంది. "ఎక్కినప్పుడు దీంతో పన్నేదు. రెండు సేతులూ కావాల నాకు."

అన్నయ్య లాగాడు. కర్ర ఒక్కో అంతస్తూ దాటుతూ, బర్మా ఆవిడ కిటికీకీ చైనా తాత కిటికీకీ తగులుతూ పైకి పోయింది. మేం లోపలికి నడిచాం. రెండో అంతస్తు దగ్గర అన్నయ్య ఎదురు దిగొచ్చి చెయ్యి చాపాడు.

"అడ్డు నెగు" అంది అక్క. "ఎల్లి నా పిల్లకి ఫోను సెయ్యి."

అన్నయ్య మా ముందు రెండేసి మెట్లు ఎక్కుతూ పోయాడు. మూడో అంతస్తులో అక్క స్టూలు మీద కూర్చున్నప్పుడు, పైనుంచి అతని మాటలు మెట్ల వెంట దిగొచ్చాయి: "నలుగురం. అవునమ్మా, మీ అమ్మ కూడాను. నేదు, మీ పిన్ని సెప్పినది కాదు. నాను సూశాను."