అవ్వ చెప్పని పాస్‌వర్డ్

కరెంటు ఉన్నంతసేపు కంప్యూటర్ సారు, పోయిన మరుక్షణం ఆటల సారు. ఆ రోజుల్లో బాన్సువాడలో నా ఉద్యోగం అది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ప్రతి ప్రైవేటు బడి బోర్డు మీదా కంప్యూటర్ విద్య కలదని రాసుకుంటున్న కాలం. మా బడి బోర్డు మీద ఆ అక్షరాలు మా గదిలోని కంప్యూటర్ల కంటే పెద్దవి. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా వరసగా క్లాసులు. పొద్దున బాగానే చెప్పిన పాఠం మధ్యాహ్నానికి నా నోట్లోనే అరిగిపోయేది. ఆ అలసట గురించి ఎక్కువ రాయను. అలసిపోయినవాళ్ల మాటలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పిల్లలకు ప్రోగ్రామింగ్ అంటే తెర మీద ఒక తాబేలు. (నిజానికి అదొక చిన్న త్రికోణం. "తల లేదు, కాళ్లు లేవు, గిదేం తాబేలు సార్?" అని మొదటిరోజే అడిగారు.) ఎంత ముందుకు వెళ్లాలో, ఎటు తిరగాలో టైపు చేస్తే అది గీత గీసుకుంటూ పోతుంది. కరెంటు పోతే పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్లి, ఒకణ్ణి తాబేలును చేసి, మిగతావాళ్లతో ఆజ్ఞలు ఇప్పించేవాణ్ణి. ఒకసారి మా తాబేలు గేటు దాటి నేరుగా ఐస్ బండి దగ్గరికి పోయి నిలబడింది. "ఆగుమని ఎవ్వరు చెప్పలే సార్" అంది. ప్రోగ్రామింగ్ లెక్కన అది సరైన జవాబే.

పుస్తకంలో చివరి పాఠం కంప్యూటర్ దగ్గర నడుచుకోవాల్సిన తీరు గురించి. ముక్కూమొహం తెలియనివాళ్లకు నీ సంగతులు చెప్పకు, ఎవరినీ రాతలో తిట్టకు, నీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు. మా బడిలో ఇంటర్నెట్ లేదు. లేని ఊళ్లో ఎలా మెలగాలో నేర్పుతున్నట్టుండేది. అయినా చెప్పాను.

"ఎవ్వరికి చెప్పొద్దా సార్? మా అమ్మకు?"

"అమ్మకు కూడా."

"మీరడిగితే?"

"నేనడిగినా చెప్పొద్దు."

"పెద్దసారు బెత్తం పట్టుకోని అడిగితే?"

"అప్పుడు కూడా."

నమ్మలేదు. బెత్తం కన్నా గట్టిదేదో కావాలి. అప్పుడు తోచింది. "మీ అవ్వ మీ తాత పేరు ఎన్నడన్నా చెప్తుందా?" అని అడిగాను. క్లాసంతా ఒక్కసారిగా, "చెప్పది సార్!" అంది. "ఓటేసే కాడ అడిగినా చెప్పది సార్. పక్కామె చెప్తది." "దవాఖానల గూడ చెప్పది సార్." "చూశారా, పాస్‌వర్డ్ అంటే అట్లాంటిది" అన్నాను. ఇంత చక్కటి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేదని ఆ సాయంత్రమంతా నాలో నేనే మురిశాను. పక్క గదిలో పాఠం చెప్పే రెండో తరగతి టీచరుకు కూడా చెప్పాను. ఆమె నవ్వి, "బాగుంది. కానీ పిల్లలు మీరు చెప్పినదానికన్నా ఎక్కువ వింటారు" అంది. అప్పుడు అర్థం కాలేదు.

ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో లీడర్‌ను పెట్టి, పాస్‌వర్డ్ వాళ్లనే పెట్టుకోమన్నాను. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఆ ఏడాది తల్లిదండ్రుల సమావేశానికి ముందు కరస్పాండెంట్ గారు నన్ను పిలిచారు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొన్న కుటుంబం. "చూడండి మాస్టారూ, మీ క్లాసు వల్ల ఏం లాభమని చాలామంది అడుగుతున్నారు. రేపు ఏదైనా చేసి చూపించండి. వాళ్లు సరేనంటే సరే. లేదంటే ఆ గది హాస్టలుకు ఇచ్చేద్దాం. బియ్యం బస్తాలు వరండాలో తడుస్తున్నాయండీ" అన్నారు. గది పోతే నేనూ పోవాలి. మా ఊరు పెద్ద కొడప్‌గల్‌లో మా నాయిన "నేను ముందే చెప్పిన గద" అనడానికి ఎదురుచూస్తున్నాడు. బాన్సువాడ వదలకూడదనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది పక్క గదిలో పాఠం చెబుతోంది.

సమావేశం రోజు పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటర్ ఒక్క కంప్యూటర్‌నే మోయగలదు. తాబేలు ఇల్లు గీసే ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌ను వరండాలో బల్ల మీద పెట్టాం. ముందు బెంచీల మీద తల్లిదండ్రులు. కోటగిరి వైపు రైతులు, జుక్కల్ వైపు నుంచి వచ్చి పిల్లల్ని హాస్టల్లో ఉంచినవాళ్లు, తండాల నుంచి వచ్చినవాళ్లు. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. దాని లీడర్ అయిన నాలుగో తరగతి పిల్లవాడు రాలేదు. వాడి జట్టువాళ్లను అడిగితే, "మాకు చెప్పలే సార్. మీరే చెప్పొద్దన్నరు గద" అన్నారు గర్వంగా. అన్ని కంప్యూటర్లనూ తెరిచే అసలు పాస్‌వర్డ్ ఒకటి వాటిని బడికి అమ్మినతని దగ్గరే ఉండిపోయింది. అతని ఫోను కలవలేదు.

అప్పుడే ఒక అవ్వ ఆటో దిగి గేటు లోపలికి వచ్చింది. "మావోనికి జరమొచ్చింది సారూ. ఇయ్యాల రాడు. గదే చెప్పి పోదామని వచ్చిన" అంది. ఆ లీడర్ వాళ్ల అవ్వే. నా పక్కనున్న ఒక పిల్ల చొక్కా గుంజి చెవిలో చెప్పింది. "సార్, మేమందరం తాతల పేర్లే పెట్టుకున్నం. గవైతే అవ్వలు సుత చెప్పరని."

నా ఉదాహరణ అంత చక్కగా పనిచేసింది.

"అవ్వా, తాత పేరేంది?" అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మా ఇంటాయన పేరుతోని నీకేం పని బిడ్డా?"

"కంప్యూటర్ తెరవాలె అవ్వా."

"ఆయన పేరుతోని గీ డబ్బ తెరుసుకుంటదా? బతికున్నప్పుడు ఇంటి తలుపే ఆయన మాట ఇనకపోతుండె."

బెంచీల మీద నవ్వులు మొదలయ్యాయి. కరస్పాండెంట్ గారు ముందుకొచ్చి, "ఒక్కసారి చెప్పమ్మా, దేవుడేమీ అనుకోడు" అన్నారు. "దేవునితోని ఏముంది సారూ, నాకే నోరు రాదు" అంది అవ్వ. ఆయన నావైపు చూశారు. ఆ చూపులో నాకు బియ్యం బస్తాలు కనిపించాయి.

రెండో తరగతి టీచరు వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. "పేరు చెప్పకు అవ్వా. అది ఏ దేవుని పేరో గుర్తు చెప్పు, చాలు."

అవ్వ మెల్లగా అంది. "తోకుంటది."

ఇక వరండా నా చేతుల్లో లేదు. "హన్మంతు!" అన్నారొకరు. "హన్మాండ్లు!" అన్నారింకొకరు. "మారుతి!" అన్నాడు జుక్కల్ వైపు తండ్రి. (అటువైపు ఇంటికో మారుతి ఉంటాడు.) "ఆంజనేయులేమో చూడండి మాస్టారూ" అన్నారు కరస్పాండెంట్ గారు, తన హోదా మరిచిపోయి. నేను టైపు చేస్తున్నాను, కంప్యూటర్ కాదంటోంది. అవ్వ తల అడ్డంగా ఊపుతోంది. "గాయనే. గని గా పేరు గాదు." వెనక బెంచీ నుంచి ఎవరో "అంజయ్య!" అన్నారు. ఈసారి అవ్వ తల ఊపలేదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. కొంగు వెనక నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది.

ఆ పేరు కొట్టగానే కంప్యూటర్ తెరుచుకుంది. చప్పట్లు కొట్టింది పెద్దవాళ్లు మాత్రమే. నా చొక్కా గుంజిన పిల్ల లేచి నిలబడింది. "సార్, పాస్‌వర్డ్ అందరి ముందల చెప్పిచ్చిన్రు! ఇగ ఊరంత తెలుస్తది!" మిగతా పిల్లలూ ఆమె వెంట లేచారు. ఏడాదంతా నేర్పిన పాఠాన్ని నేనే అందరి ఎదుటా విరిచేశానని నన్ను నిలదీస్తున్నారు. నేను తలవంచుకుని తాబేలును కదిలించాను. అది గోడలు గీసింది, తలుపు గీసింది, కప్పు ఒకవైపు గీస్తుండగా జనరేటర్ దగ్గి ఆగిపోయింది. "మేస్త్రి నడుమల్నే పోయిండు" అన్నారు ఎవరో.

కరస్పాండెంట్ గారు గొంతు సవరించుకున్నారు. "మరి ఈ క్లాసు ఉంచుదామంటారా, వద్దంటారా?"

కోటగిరి దగ్గర ఊరి రైతు ఒకాయన లేచాడు. "గా తాబేలు ముచ్చట నాకు తెల్వది సార్. గని మా పోరడు ఇంట్ల చాయ్‌ల చక్కెర ఎక్కువైన సంగతి సుత వాడకట్టంత చెప్పొస్తడు. గసుంటోళ్లకు కడుపుల ముచ్చట దాసుకునుడు నేర్పిండంటే, ఈ సార్‌ను ఉండనియ్యుండ్రి." మిగతావాళ్లు అవునన్నారు. బస్తాలు వరండాలోనే ఉండిపోయాయి. నేనూ ఉండిపోయాను.

జ్వరం తగ్గి లీడర్ వచ్చిన రోజు నా ముందు ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. "మా అవ్వతోని చెప్పిచ్చిన్రట?"

"లేదురా. మీ అవ్వ నోరు తెరవనే లేదు. కావాలంటే ఎవరినైనా అడుగు."

వాడు కాసేపు తూకం వేశాడు. "అయితే మంచిదే" అని, నన్ను మళ్లీ గోడవైపు తిరగమన్నాడు. తిరిగాను.

ఆ సాయంత్రం బస్టాండు దాకా నడుస్తూ రెండో తరగతి టీచరును అడిగాను. "మీరైతే చెప్తారా, భర్త పేరు?" "ఎందుకు చెప్పను? పిలవడానికే గదా పెట్టేది" అంది. పెళ్లయ్యాక మాట నిలబెట్టుకుంది. మా అమ్మ ముందే నన్ను పేరు పెట్టి పిలిచింది. మా అమ్మ చాలా రోజులు ఆ పిలుపు వినబడినప్పుడల్లా గిన్నెలు గట్టిగా సర్దేది. తర్వాత అలవాటు పడింది.

అలా పేరు పెట్టి పిలిచిన నా భార్య పోయి ఏడాది దాటింది. నేనిప్పుడు అందరికీ సారును, వాడకట్టుకు అన్నను, పిల్లలకు నాన్నను. నా పేరు ఎప్పుడైనా బ్యాంకులోనో దవాఖానలోనో పిలుస్తారు. అది నాదేనని గుర్తుకొచ్చి లేచేసరికి రెండోసారి పిలుస్తారు. అలా లేస్తున్నప్పుడు ఒక్కోసారి వరండాలో బల్ల ముందు కూర్చున్న ఆనాటి కుర్ర సారు గుర్తొస్తాడు. ఒక ముసలామె ఎన్నో ఏళ్లుగా నోట్లో దాచుకున్న పేరు కోసం, చెప్పవేం అవ్వా, చెప్పవేం అని ఎంత తొందరపెట్టాడో. నవ్వొస్తుంది. వాడికి అప్పటికి పేరును టైపు చేయడం ఒక్కటే వచ్చు.