గోడమీద ఐదో పేరు

ఆ గోడకు సున్నం పూసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. మిగతాదంతా దాని వెనకాల వచ్చిందే.

నా పెళ్ళి చైనా యుద్ధానికి ఏడాది ముందు, నవంబరు ఆఖరులో అయింది. అప్పటికి నాకు పదహారో ఏడు ఉంటుందేమో. పుట్టినరోజులు రాసిపెట్టుకునే ఇల్లు కాదు మాది. అత్తవారి పల్లె గుంటూరుకు పడమరగా నల్లరేగడి పొలాల మధ్య ఉండేది. ఆ పొలాలు మావి కావు. పత్తి తీతకూ మిరప కోతకూ వాటిలోకి వెళ్ళి, పొద్దు గుంకాక బయటికి వచ్చేవాళ్ళం. మాది అని చెప్పుకోవడానికి పల్లెలో ఉన్నది గుడి ఒక్కటే. మిషను దొరలు రాయి తోలిస్తే మా మామ తండ్రీ, ఆయన ఈడువాళ్ళూ పని దినాలు మానుకుని కట్టుకున్న గుడి.

క్రిస్మసుకు వారం ముందు గుడికి వెల్ల వెయ్యడం ఆడవాళ్ళ పని. పిడుగురాళ్ళ నుంచి బండిమీద సున్నపురాయి వచ్చేది. నీళ్ళు పోస్తే బుసబుస పొంగి ఉడికేది. చల్లారాక వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపి, జనపనార కుంచెలతో పూసేవాళ్ళం. ఇంటికింత గోడ అని పంపకం. ఆ ఏడు మా అత్త చలిజ్వరంతో పడుకుంది. ఆమె వంతు గోడ, మగవాళ్ళు కూర్చునే వైపు రెండో కిటికీ పక్కది, కొత్త కోడలినైన నాకు వచ్చింది.

ఆ గోడమీద నల్లగా ఐదు వరసలు రాసి ఉన్నాయి. అవి అక్షరాలని తెలుసు. ఏ అక్షరాలో తెలియదు. మా పుట్టింటి గుళ్ళో బల్ల వెనక గోడమీద ఏటా ఒక వాక్యం రాసేవారు. పండక్కి ముందు పాత వాక్యాన్ని ఆడవాళ్ళం పూసేస్తే పంతులుగారు కొత్తది రాసేవారు. పాతది కనపడకుండా ఎవరు పూస్తే వాళ్ళు పనిమంతులు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. అయితే ఇది తారుతో రాసింది. సున్నానికి లొంగలేదు. ఒక పూత వేస్తే పసుప్పచ్చగా పైకి తేలింది. ఇంటికి వెళ్ళి కొడవలి తెచ్చాను. వరస వరసా గీకి, గీకినచోట మూడు పూతలు పూశాను. అత్త లేచి చూసి మెచ్చుకోవాలని.

సాయంత్రం గంట కొట్టడానికి మామ వచ్చాడు. మా ఆయన తండ్రి. పటాలంలో పనిచేసి బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. ఎడమకాలు మోకాలి దగ్గర వంగదు. గుళ్ళోకి వస్తూనే ఆ గోడవంక చూసి తలగుడ్డ తీశాడు. అలాగే నిలబడిపోయాడు.

"బాగుందా మామా?" అన్నాను.

"బాగుందమ్మాయ్. శుభ్రంగా ఉంది."

తర్వాత కాలు చాపుకుని నేలమీద కూర్చున్నాడు. "ఇక్కడ ఐదుగురు ఉండేవాళ్ళమ్మా," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పల్లె నుంచి ఆరుగురు యుద్ధానికి వెళ్ళారు. ఒక్కడు తిరిగొచ్చాడు. మిగిలినవాళ్ళకు ఎక్కడా సమాధి లేదు. యుద్ధం అయ్యాక మిషను దొర ఆ ఐదుగురి పేర్లు గోడమీద రాయించాడు. పటాలం కాగితాల్లో ఎలా ఉంటే అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లో. నవంబరులో ఒక ఆదివారం, పటాలంలో హాజరు పిలిచినట్టు దొర ఒక్కో పేరూ పిలిస్తే, మామ ఖాకీ కోటు తొడుక్కుని నిలబడి ఆ మనిషి బదులు "హాజర్" అని పలికేవాడు. దొర రెండేళ్ళకే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. పేర్లు పిలవడం ఆగిపోయింది. మామ మాత్రం ఆ ఆదివారం నాడు కోటు తొడుక్కుని వచ్చి గోడ ముందు కాసేపు నిలబడి వెళ్ళేవాడు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఏటి ఆదివారం దాటిపోయింది.

"తిట్టవేం మామా?" అన్నాను ఏడుస్తూ.

"తిడితే పేర్లొస్తయ్యా," అన్నాడు.

ఐదో వరస ఎవరిదో క్రిస్మసునాడు తెలిసింది. పల్లె చివర ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఒక్కడే కొడుకు, యుద్ధంలో పోయాడు. చూపు సరిగా ఆనదు. బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకుని తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఆడవాళ్ళ వైపు రాకుండా నేరుగా ఆ గోడ దగ్గరికి వెళ్ళింది. భుజం ఎత్తులో అరచెయ్యి ఆనించింది. కొంచెం పైకి జరిపింది. కిందికి జరిపింది. పదిహేనేళ్ళుగా ఆమె చేతికి తగిలే తారు అక్షరాలు అక్కడ లేవు. చెయ్యి తీస్తే తెల్లగా అంటుకుని వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, గోడ నున్నగా ఉందేందిరా?" అంది.

మామ పక్కనే ఉన్నాడు. "పండక్కి సున్నం దట్టించారక్కా. అడుగున ఉందిలే."

"ఉందా?"

"ఉంది."

రొట్టె తిన్న నోటితో, గుళ్ళో నిలబడి మామ అబద్ధమాడాడు. ఆ రోజు ఇంట్లో వండిన పండగ అన్నం ముట్టలేదు. వచ్చే నవంబరు లోపల ఐదు పేర్లూ గోడమీద ఉండాలి. ఆ మాట ఒక్కటే పట్టుకున్నాడు.

మామకు చదువు రాదు. అయినా నలుగురి పేర్లు నంబర్లతో సహా నోటికి వచ్చు. అందరూ ఒకే కంపెనీ, రోజూ పొద్దున్నే విన్న పిలుపు. ముసలమ్మ కొడుకు వేరు. రోడ్లు వేసే పటాలంలోకి తీసుకుపోయారు. పల్లెలో అందరూ అతన్ని ఇంటి పిలుపుతోనే పిలిచేవారు. బాప్తిస్మం పేరు దొరసాని పెట్టింది. అది దొర పిలవగా మామ రెండుసార్లు విన్నాడు. ఆ పేరు ఎంత తడుముకున్నా రాలేదు. గోడమీద రాసిన బడి పంతులు చనిపోయాడు. కొత్త పంతులు వచ్చి ఆరు నెలలే. "ఏదో పొడుగాటి పేరండీ, చివరిది," అన్నాడు. అంతకు మించి చెప్పలేకపోయాడు. పటాలం నుంచి ఆమెకు వచ్చిన కాగితం, ఒక ఏడు పల్లె తగలబడినప్పుడు ఆమె గుడిసెతోపాటు కాలిపోయింది.

ఇక మిగిలింది ఆమెనే అడగడం. అడిగితే గోడమీద లేదని చెప్పినట్టే. మామ వల్ల కాలేదు. ఆమె ఇంటిదాకా నడిచి వెళ్ళి, దణ్ణం పెట్టి, మంచినీళ్ళు తాగి తిరిగి వచ్చేవాడు.

మార్చిలో మిరప కల్లంలో ఆమె పక్కన తొడిమలు తీసే పని నాకు దొరికింది. ఎర్రగా పోసిన కాయల మధ్య ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చున్నాం. చూపు లేకపోయినా ఆమె చేతులు నాకన్నా చురుకు.

"పెద్దమ్మా, మీ వాడికి బాప్తిస్మంలో ఏం పేరు పెట్టారు?" అన్నాను.

"గోడమీద ఉందిగా. చదువుకో."

"నాకు చదువు రాదు."

"నాకు మాత్రం వచ్చా?" అని నవ్వింది. "దొరసాని పెట్టింది. నాకు నోరు తిరగలా. ఒక్కసారీ ఆ పేరుతో పిలిచిందాన్ని కాదు. ఎందుకే?"

చెప్పేశాను. కొడవలితో గీకిన సంగతి కూడా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. చాటలో కాయలు నింపి పక్కకు జరిపింది.

"అయితే ఈ మూడు నెల్లూ ఉత్త గోడని తడిమానన్నమాట," అంది చివరికి.

"తెలీక చేశాను పెద్దమ్మా."

"నీదేముంది. మీ మావ అబద్ధం ఎందుకాడాలంట? జాలి నేనడిగానా?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కారం ఘాటుకు కల్లంలో అందరికీ కళ్ళు కారుతూనే ఉంటాయి. "నేను పిలిచిన పేరే రాయమను. వాడు పలికేది దానికే."

ఆ పేరు గురించి చెప్పాలి. అతనికి ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే నాయనమ్మ దొరసానికి తెలియకుండా బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలి, మళ్ళీ తెచ్చుకుని, పెంట పేరే పెట్టింది. ఎవరూ కోరుకోని పేరైతే చావు కూడా వదిలేసి పోతుందని పాతవాళ్ళ నమ్మకం.

మా గుడి పాస్టరు అయ్యగారు కిందటేడే వచ్చినవారు. చెడ్డమనిషి కాదు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ నాలుగు పల్లెలు తిరిగేవారు. మామ అడిగితే నలుగురి పేర్లు తన చేత్తోనే రాస్తానన్నారు. ఐదోదానికి తల అడ్డంగా ఊపారు.

"పాత దేవుళ్ళకి భయపడి పెట్టిన పేరది. క్రీస్తు గుళ్ళో ఆ భయమెందుకు?" అన్నారు.

"అయ్యగారూ, పటాలంలో భయం లేనోడు నాకొక్కడూ కనపళ్ళేదండి," అన్నాడు మామ.

"దేవుడి దగ్గరున్న జీవగ్రంథంలో అతని పేరు ఉండే ఉంటుంది. బాధపడకు."

"ఉంటదండి. ఆ పుస్తకం మాకు కనపడదు గదండి. ఆమెకి ఈ గోడే చేతికందేది." మామ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే వెతుక్కుంటూ పోయిన కాపరి గదండీ ఆయన. మాకిక్కడ ఐదింట్లో ఒకటి పోయింది."

అయ్యగారు మిషను ఆఫీసుకు ఉత్తరం రాసి, పాత బాప్తిస్మం పుస్తకంలో పేరు వెతికిస్తానన్నారు. అందాకా చోటు వదిలిపెడదామన్నారు. నలుగురి పేర్లు తారుతో రాశారు, ఈసారి తెలుగులో. అడుగున జానెడు చోటు వదిలారు.

ఉత్తరానికి జవాబు రాలేదు. చైనాతో యుద్ధం వచ్చింది. పంచాయతీ ఆఫీసు దగ్గర రేడియో చుట్టూ ఊరంతా మూగేది. ఒకరోజు పొలాలున్న ఊరి పెద్దలు, పాత సైనికుడికి సన్మానమని మామను కోటుతో సహా రమ్మని కబురు పెట్టారు. ఆయన పదహారేళ్ళుగా వాళ్ళ పొలాల్లోనే పనిచేస్తున్నాడు. ఎన్నడూ ఎవరికీ గుర్తురాలేదు. బంతిపూల దండ వేశారు. టీ మాత్రం అరుగు కింద నిలబెట్టి, చూరులో విడిగా పెట్టిన గ్లాసులో పోశారు.

"దండకి అంటు లేదంట. గ్లాసుకే," అన్నాడు మామ ఇంటికొచ్చి. దండ తీసి మేకకు వేశాడు.

నవంబరు ఆదివారం గుడి నిండిపోయింది. సరిహద్దులో పిల్లలు చస్తున్నారని పల్లెకు కూడా తెలుసు. అయ్యగారు పాత పద్ధతిలో పేర్లు పిలిచారు. మామ కోటు తొడుక్కుని, బిగుసుకుపోయిన కాలు పక్కకు పెట్టి నిలబడ్డాడు. నాలుగు పేర్లకు నాలుగుసార్లు "హాజర్" అన్నాడు. అయ్యగారు కాగితం మడిచారు. మామ కూర్చోలేదు. అయ్యగారు ఆయనవంక చూశారు. 

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ముసలమ్మ పిలిచింది. గట్టిగా కాదు, అన్నానికి పిలిచినట్టు, ఆ పెంట పేరుతోనే.

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. వాళ్ళను తప్పు పట్టను. నవ్వొచ్చే పేరే అది. మామ కోటు గుండీలు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. పలికేసరికి నవ్వు ఆగిపోయింది.

"హాజర్."

ఆరాధన అయ్యాక ఆమె గోడ దగ్గరికి వెళ్ళింది. వేళ్ళతో ఒక్కో వరసా దిగుతూ వచ్చింది. నాలుగు తగిలాయి. ఆ కింద నున్నటి సున్నం.

"ఇదేనారా?"

"అదేనక్కా. చోటు ఉంచారు," అన్నాడు మామ. ఈసారి అబద్ధం చెప్పలేదు.

"చోటు," అంది ఆమె. చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గోడ దగ్గరికి రాలేదు. మరుసటి మిరప కోతల్లో, రెండు రోజుల జ్వరంతో పోయింది. ఆమె పోయిన నాలుగు నెలలకు మిషను ఆఫీసు జవాబు వచ్చింది. ఆ ఏళ్ళ పుస్తకాన్ని చెదలు తినేశాయట. ఉత్తరం అయ్యగారు చదివి వినిపిస్తే మామ తల ఊపి గంట కొట్టడానికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. ప్రతి నవంబరులో నాలుగు పేర్లకు పలికి, ఐదో పేరు ఎవరూ పిలవకపోయినా ఆరాధన అయ్యేదాకా నిలబడే ఉండేవాడు. కాలు వాచి రెండు రోజులు పనికి పోలేకపోయేవాడు. నేను సున్నం కుంచె పట్టిన చేత్తోనే ఆ కాలికి కాపడం పెట్టేదాన్ని. ఆ పేరు నేనైనా పిలిచి ఉండాల్సింది. కోడలిని, ఆడదాన్ని, అందులో గీకిందాన్ని. నోరు రాలేదు.

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దాటాయి. గుడి వరండాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. నా పేరు రాయడం వచ్చాక, ఇంకెవరి పేరు రాస్తావమ్మా అని పంతులమ్మ అడిగింది. పలకమీద ఆ పేరు రాశాను. ఆమె చదివి నవ్వు ఆపుకుంది.

రోడ్డు వేసేవాళ్ళ దగ్గర కొబ్బరిచిప్పలో తారు తెచ్చుకున్నాను. ఎవరినీ అడగలేదు. నాలుగు వరసల కింద, వదిలిన చోట, ముసలమ్మ భుజం ఎత్తులో రాశాను. అక్షరాలు వంకరపోయాయి. అప్పటి అయ్యగారు చూసి, ఇది ఎవరి పేరని అడిగారు. చెప్పాను. ఆయన చెరపమనలేదు.

ఆరిన తర్వాత అరచెయ్యి ఆనించి చూశాను. అక్షరాలు చేతికి తగులుతున్నాయి. అక్కడ చెయ్యి ఆనించేవాళ్ళు ఇప్పుడు పల్లెలో ఎవరూ లేరు. క్రిస్మసుకు ముందు గోడల పంపకం జరిగేటప్పుడు రెండో కిటికీ పక్క గోడ మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. ఆ ఐదు వరసలకు అంటకుండా, చుట్టూ నేనే పూస్తాను.