దొరమేస్త్రి సమాధి

నిన్న మా ఉక్కు ఊళ్ళో మాంగో అనే పేట బజారులో సున్నం కోసం దుకాణం దుకాణమూ తిరిగాను. ఇప్పుడు అందరూ డబ్బాల్లో రంగులే అమ్ముతున్నారు. చివరికి దొరికిన చోట కూడా ఆ కుర్రాడు, ఈ రోజుల్లో సున్నం ఎవరు వేస్తారాంటీ అని హిందీలో నవ్వాడు. వచ్చే వారం సమాధుల పండగ, మా వాళ్ళందరికీ వేయాలి నాయనా అంటే వాడికి ఒక పట్టాన ఎక్కలేదు. తిరిగొస్తుంటే వంతెన మీద ఆటో ఇరుక్కుపోయింది. నాకసలే కాలు ఒకచోట నిలవదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినా కుర్చీలో కూర్చుని చెప్పింది లేదు. ఒళ్ళో సున్నం సంచీ పెట్టుకుని, దిగి నడిచిపోదామా వద్దా అని అటూ ఇటూ కదులుతుంటే మా మేనత్త గుర్తుకొచ్చింది. ఇలాంటి ఆటోలోనే ఒకసారి మా ఇద్దరి మధ్యా ఓ అమెరికా ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు.

మేనత్త ఇల్లు బిర్సానగర్‌లో. సమాధుల పండగ వస్తోందంటే నెల ముందునుంచే ఆవిడ మమ్మల్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు. సున్నం నానబెట్టడం, కుంచెలు నానబెట్టడం, ఎవరు ఏ సమాధి కడగాలో చెప్పడం, చెప్పింది మర్చిపోయి మళ్ళీ చెప్పడం. మా ముత్తాత, అంటే మేనత్తకు తల్లివైపు తాత, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఫర్నేసుల్లో మంటకి ఆగే ఇటుకలు పేర్చిన తాపీమేస్త్రి. ఆయన సమాధి పక్కన ఇంకొకటి ఉంది. దాన్ని దొరమేస్త్రి సమాధి అనేవాళ్ళం. ముత్తాతకు ఫర్నేసు పని నేర్పిన తెల్లాయన అందులో ఉన్నాడని తప్ప ఇంకేమీ తెలియదు. పేరు కూడా తెలియదు. ముత్తాతకు వేసిన చేత్తోనే దానికీ ఏటా రెండు పూతలు వేసేవాళ్ళం. చిన్నప్పుడు నాకు దాని మూలలు అప్పగించేవారు, నడిమధ్య నేను ఒలకబోస్తానని.

కొన్నేళ్ళ కిందట పాస్టరుగారు ఆ అమెరికా ఆయన్ని సోనారిలో మా ఇంటికి తీసుకొచ్చారు. ఇంగ్లీషు మాట్లాడగలనని నా మీద పెట్టారు. అరవై దాటిన మనిషి. టీ కప్పు ముట్టకుండా అరచేతులు రుద్దుకుంటూ తన వంశం కథ చెప్పాడు. వాళ్ళ తాతది జర్మనీలో ఓ పల్లె. తండ్రీ కొడుకులు రొట్టెల పొయ్యిలు కట్టేవారు. మీసాలు రాగానే ఆ తాత ఓడెక్కి అమెరికా వెళ్ళి, ఉక్కు ఊళ్ళలో ఫర్నేసుల లోపల ఇటుక పేర్చాడు. ఏ ఊళ్ళోనూ రెండేళ్ళకు మించి ఉండడు. గోడకు కొట్టిన మేకు తుప్పు పట్టకముందే సామాను సర్దమనేవాడట. భార్య పిల్లల్ని వేసుకుని వెంట తిరిగి తిరిగి, చివరికి ఇక రానని భీష్మించింది. అప్పుడాయన ఒక్కడే పని ఒప్పుకుని ఇక్కడికి వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. చచ్చిపోయాడని ఎవరో చెప్పారు గానీ భార్య నమ్మలేదు. అక్కడెవరినో చేసుకుని ఉండిపోయాడని పిల్లలకు చెప్పింది. అప్పటి చిన్నకూతురే ఈయన తల్లి. తొంభై దాటింది. పెళ్ళినాడు తండ్రి పేరు అడిగితే, నాకు తండ్రి లేడు అని చెప్పిందట. ఆవిడ ఉండగానే ఏదో ఒకటి తేల్చుకు వెళ్ళాలని ఈయన తాపత్రయం. అంతకుముందు ఓసారి వచ్చి సమాధులన్నీ గాలించినా ఆ పేరు ఎక్కడా కనిపించలేదు. ఫర్నేసుల్లో ఇటుక పనివాడు అనగానే పాస్టరుగారికి మా దొరమేస్త్రి తట్టాడు.

మర్నాడు పొద్దున్నే నేనూ, మేనత్తా, ఆయనా ముగ్గురం ఆటోలో సమాధుల తోటకు వెళ్ళాం. రాయి నున్నగా, తెల్లగా, మేం ఎలా ఉంచామో అలాగే ఉంది. అక్షరమన్నది లేదు. మేనత్త కాసేపు వంగి చూసి, సంచీలోంచి తాపీ తీసి తలవైపు గీకింది. పెచ్చులు పెచ్చులుగా సున్నం రాలింది. ఎన్ని పండగల సున్నమో అది. నీళ్ళు పోసి మళ్ళీ గీకితే ఒక్కో అక్షరమే బయటపడింది. ఇంటిపేరు సగం కనబడగానే ఆయన అక్కడే చతికిలబడ్డాడు. ఓ మనిషి పేరును మేమే ఇంత శ్రద్ధగా పూడ్చిపెట్టామా అని నాకు తల కొట్టేసినట్టయింది. మేనత్తకు అలాంటి బాధేమీ లేదు. మిగతా సగం గీకుతోంది.

అప్పుడాయన లేచి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, మీరు ఆయన పిల్లల పిల్లలా అని అడిగాడు. కాకపోతే ఇన్నేళ్ళు ఎవరు చేస్తారు అన్నాడు. ఈ మాట మేనత్తకు ఎలా చెప్పను? నేను నసుగుతుంటే ఆవిడ ఊరుకోలేదు, చెప్పించుకుంది. కోప్పడుతుందేమోనని హడలిపోయాను. చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సొంతోళ్ళకైతేనే సున్నం ఎయ్యాలేటి? మా తాతది తెల్లగుండి పక్కది నల్లగుంటే ఏం బాగుంటాది? సెప్పు ఆ బాబుకి."

చెప్పాను. ఆయన ముఖం తేటపడలేదు. ఆయనకు కావలసింది అది కాదు. ఇక్కడ ఇంకో సంసారం లేకపోతే మరి మా అమ్మ దగ్గరికి ఎందుకు రాలేదు, వచ్చే ఉద్దేశం ఉండేదా అన్నాడు. మేనత్త నవ్వు ఆపి తాపీ పక్కన పెట్టింది.

"జొరమొచ్చి పోయినాడు. అప్పటికే పెట్టె తాడేసి కట్టీసుందట. సచ్చిపోయినోడికి బట్టలు తొడగాల గదా, మా తాతే ఇప్పినాడు. అన్నిటికన్నా పైని సిన్న ఆడగుంటకేసే గౌనుందట, కాయితంలో సుట్టి. అవతల ఆళ్ళ దేశంలో ఉన్న కూతురు గుంటకి ఎట్టుకున్నాడు గావాలని మా అమ్మమ్మ మళ్ళీ అలాగే సుట్టీసి లోపలెట్టీసింది."

ఆ పెట్టెను తర్వాత ఎవరో కారులో వచ్చి పట్టుకుపోయారని, ఆపైన తెలియదని అంది. తమ ఇంటికి ఏ పెట్టే రాలేదన్నాడు ఆయన. ఫోను తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. తర్వాత సిగ్నలు లేక గేటుదాకా వెళ్ళాం, మళ్ళీ గోడ దగ్గరికి వచ్చాం. అక్కడ పొద్దుపోయింది, అమ్మ నిద్రపోయిందేమో అని ఆయన గొణుగుడు. చివరికి తెరమీద తెల్లజుట్టు ఆవిడ కనిపించింది. కొడుకు చెప్పిందంతా విని ఏడవలేదు, నమ్మినట్టూ లేదు. ఎన్నో ఊళ్ళు తిరిగిన మనిషి, పెట్టె ఎప్పుడూ కట్టే ఉండేది, గౌను ఎవరికో ఏం తెలుసు అంది. తర్వాత నన్ను పిలిచి, ఆ గౌను ఎంతది అని అడిగింది.

మేనత్త పుట్టకముందు సంగతి అది. కల్పించైనా చెబుతుందేమో, ఆ పెద్దావిడ మనసు కుదుటపడితే చాలు అని నేను లోలోపల కోరుకున్నాను. మేనత్త మాత్రం విన్నదే చెప్పింది.

"నాను సూడ్నేదమ్మా. మా అమ్మకప్పుడు నాలుగేళ్ళు. అమ్మమ్మ ఆ గౌను దాని ఈపుకానించి సూసిందట. బారైపోయిందట. ఇంకో ఏడు పోతే గానీ ఈ గుంటకి సరిపడదనుకుందట."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఆవిడ వేళ్ళు మడిచి ఏళ్ళు లెక్కపెట్టుకుంది.

"నేనింకా నడక నేర్వకముందు వెళ్ళాడు," అంది. "చచ్చిపోయాడని కబురొచ్చిన ఏడు నాకు ఐదు నిండాయి."

కళ్ళెదుట లేని పిల్ల ఆయన మనసులో ఏటికేడూ పెరుగుతూనే ఉంది. ఆ సంగతి ఆ పిల్ల చెవిన పడేసరికి మాత్రం ఒక జీవితకాలం గడిచిపోయింది.