రోహు మొప్పల్లో నా కొత్త జాతి

కొత్త జాతిని కనిపెట్టిన మహానుభావుణ్ణి చూడాలని ఉందా? ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. సరిగ్గా పది రోజులు నేను సైంటిస్టునే. మొన్న సోమవారం ఆ పదవి ఊడింది.

నా రీసెర్చి సంగతి మీకు తెలుసుగా. చేపల మొప్పల్ని పట్టుకుని బతికే బల్లపరుపు పురుగులు. సూది మొనంత ఉంటాయి. మైక్రోస్కోపు కింద వాటి కొక్కేలు చూసి ఏ జాతో చెప్పాలి. నాది రోహు చేప. చేప కొనడానికి జుగ్సలాయి బజారుకి వెళ్ళే తీరిక నాకు శనివారమే. మా అమ్మేమో శనివారం నీచుని గడప తొక్కనివ్వదు. అందుకని గోల్‌మురి క్వార్టర్లలో మా పక్కింటి సింహాచలం అత్తతో ఒప్పందం. చేప ఆవిడకి, మొప్పలు సైన్సుకి. నేనిచ్చిన ఫార్మలిన్ సీసాలో ఆవిడే మొప్పలు వేసి ఇచ్చేది. కోసేటప్పుడు నేను పక్కన ఉండొద్దూ? ఎమ్మెస్సీ ఫస్టు క్లాసువాణ్ణి, చేప పొలుసుల మధ్య నిలబడతానా!

అలా వచ్చిన సీసాలో దొరికిందండీ పురుగు. కొక్కేలు వేరు. రోహు మీద వచ్చిన పేపర్లన్నీ తిరగేశాను, ఎక్కడా లేదు. మిగతా చేపల పేపర్లు ముట్టుకోలేదు. నాది రోహు, నాకెందుకు? కొత్త జాతి అని తేల్చేసి, దానికి మా గైడు సారు పేరు పెడతానని ఆయనకే చెప్పాను. మూడేళ్లుగా కదలని నా థీసిస్ మీద సంతకం పెట్టేస్తానన్నారు. స్లైడు చూడకుండానే స్టాఫ్ రూములో పేడాలు పంచారు. ఆయనా అంతే. ఇంక నా డిగ్రీ ఆ పురుగు మీదే వేలాడుతోంది.

సోమవారం ఎట్టకేలకు స్లైడు చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది కట్లా చేప మీద ఉండే పురుగోయ్. పాతదే. రోహు మొప్పల్ని పట్టుకోదు. నువ్వు తెచ్చింది ఏ చేప?"

"రోహునే సార్."

"కోసింది ఎవరు?"

సైకిలెక్కి గోల్‌మురి వచ్చి పడ్డాను. సింహాచలం అత్త బియ్యం ఏరుకుంటోంది.

"అత్తా, ఆ రోజు సీసాలో వేసినవి నేనిచ్చిన రోహు మొప్పలేనా?"

"ఆ రోహా? కాసిడీహ్ నుంచి మా అల్లుడొచ్చినాడు గదా, వియ్యాలోరికి పంపేసినాను. మీ మావయ్య ఆ రోజే కట్లా తెచ్చినాడు. దాని మొప్పలేసినాను."

"మొప్పలు తీసి పంపొచ్చుగా?"

"వియ్యాలోరికి కోసిన చేప పంపుతారేటి? నామోషీ కాదా? సదువుకున్నోడివి, ఆపాటి తెలవదేటి బాబూ? అయినా మొప్పల్లో తేడా ఏటుంతాది, పారేసేవే గదా."

ఆవిణ్ణి ఏమంటాను? తన వియ్యపురాలి దగ్గర పరువు నిలబెట్టుకుంది. పోయింది నాది. కాలేజీకి తిరిగి వెళ్ళి సారుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ హిందీ ఊళ్ళో ఆయనా మనలాగే తెలుగువారే, తిట్లకి మాటలు వెతుక్కోనక్కర్లేదు. థీసిస్ కట్ట నా వైపు తోశారు.

"ఆ పురుగుకి నాలుగు కళ్ళు. కళ్ళజోడుతో కలిపి నీకూ నాలుగే. అది తన చేపని గుర్తుపట్టింది. నీకేం రోగమయ్యా?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నాకు రెండే మిగిలాయి. పురుగుదే పైచేయి.