ఆంటీని జైలు దగ్గర దింపిన రోజు

జైలుకి కూడా మనమే డ్రైవ్ చేసుకుని వెళ్ళాలని నాకు అప్పటిదాకా తెలీదు. పోలీసులొచ్చి పట్టుకెళ్ళడమేమీ ఉండదట. జడ్జి చెప్పిన తేదీకి, పెళ్ళికి వెళ్ళినట్టు తయారై, మనంతట మనమే వెళ్ళి లొంగిపోవాలట.

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో మా పక్కింటి ఆంటీ రిటైరైన పిల్లల డాక్టరు. ఇరాక్ యుద్ధం మొదలయ్యాక, చర్చికి వెళ్ళే కొందరు ముసలమ్మలతో కలిసి యుద్ధం వద్దంటూ ఆర్మీ బేస్ గేటు ముందు కూర్చునేవారు. ఒకసారి గేటు దగ్గర దాటకూడదని గీసిన గీత దాటి లోపల కూర్చున్నారు. అరెస్టు చేశారు. ఇంకెప్పుడూ రానని ఒక్క మాటంటే ఇంటికి పంపిస్తానన్నాడు జడ్జి. ఈవిడ అనలేదు. మూడు నెలలు వేశాడు.

మనవాళ్ళ సంగతి చెప్పాలా! పిల్లలకి జ్వరమొస్తే వేళాపాళా లేకుండా ఆవిడకే ఫోన్ చేసినవాళ్ళంతా తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లకి పిలవడం మానేశారు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, మనకెందుకీ గొడవ అని మా ఆయన కూడా నాకు నీతులు చెప్పాడు. బాంబులు పడేచోట ఉన్నవాళ్ళూ పిల్లలే కదా అని ఆంటీ అడిగితే మాత్రం అందరూ మాట మార్చేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అందరికన్నా అంకుల్ మీద ఎక్కువ మండేది. తీర్పు వచ్చిన రోజు నుంచీ ఆయన భార్యతో మాట్లాడటం మానేశారు. కంచంలో అన్నం పెట్టుకుని టీవీ ముందుకి పోవడమే.

"జైలంటే భయం లేదమ్మా. ఈయన ఒక్క మాటైనా అనకుండా పంపించేస్తారేమోనని ఉంది," అన్నారు ఆంటీ నాతో.

ఆ రోజు నేనే డ్రైవ్ చేశాను. అంకుల్ వెనక సీట్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. తీరా పార్కింగ్ దాకా వచ్చి కారు దిగనన్నారు. సరే, మీ ఖర్మ అనుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాం.

కౌంటర్ దగ్గర ఆఫీసరమ్మ మెడలో గొలుసు తీసేయమంది. పెళ్ళి ఉంగరమొక్కటే ఉంచుకోవచ్చట. అవి మంగళసూత్రాలని, మా దగ్గర అవే పెళ్ళి ఉంగరమని ఎంతో వాదించాను. రూల్ అంది. జడ్జికి జంకని ఆంటీ, అక్కడ ఆగిపోయారు.

"కట్టినాయన బయటే ఉన్నారు కదమ్మా. ఆయన్నే వచ్చి తీయమను."

పరుగెత్తుకెళ్ళి కారు తలుపు లాగి, పెద్దాయనని కూడా చూడకుండా దులిపేశాను. మొండితనానికైనా ఒక హద్దుండాలన్నాను. సూత్రాల మాట చెప్పేసరికి ఆయన సీటు బెల్టు విప్పేశారు. గబగబా దిగి లోపలికి వచ్చారు.

ఆ కొక్కెం ఎంతకీ రాదు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. ఆంటీ జుట్టు పక్కకి తీసి మెడ వంచి నిలబడ్డారు. చివరికి ఎలాగో తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఇప్పుడైనా నోరు తెరుస్తారేమోనని చూశాను. తెరిచారు, ఆఫీసరమ్మతో! విజిటింగ్ ఎప్పుడని ఇంగ్లీషులో అడిగారు. శనివారం అంది.

లోపలి తలుపు తెరిచారు. ఆంటీ గడప దాటి వెనక్కి తిరిగారు.

"శనివారం మీకు ఉపవాసం కదండీ. ఖాళీ కడుపుతో అంత దూరం డ్రైవ్ చేయకండి."

ఆయన చొక్కా జేబు పట్టుకుని తలుపు దాకా నడిచారు.

"నా సంగతి సరే. నువ్వక్కడ తిండి మానకు," అన్నారు.

అప్పటికే తలుపు మూసేశారు. ఆయన అదే మాట మళ్ళీ, ఇంకా గట్టిగా, ఆ ఇనప తలుపుకి చెప్పారు.