కృపాకుమారి కాలిపరు పట్టిన ఏడాది

మా ఉరవకొండలో వాన పడితే పిల్లకాయలు భయపడి ఇళ్ళలోకి పరుగెత్తేవాళ్ళు, పైనుంచి ఏదో రాలి మీద పడుతోందని. అప్పుడు ముసలివాళ్ళు బయటికి వచ్చి, చెయ్యి చాపి, నాలుకతో రుచి చూసి, "ఇవి నీళ్ళేరా, మేము చిన్నప్పుడు చూసినాము" అని ధైర్యం చెప్పాలి. ఈ మాటలో సగం మీరు తరుగు తీసేసుకోవచ్చు. కృపాకుమారి గురించి చెప్పబోయే దాంట్లో మాత్రం తీసేయడానికి పెద్దగా ఏమీ లేదు. నేను కాస్త కలిపిన చోటు మీకే తెలిసిపోతుంది.

కృపాకుమారి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నడిపేది. పసుపుపచ్చ బోర్డు, ఎర్ర అంకెల మీటరు, ఒక అద్దాల గది, బయట ఒక బెంచీ. ఆ బెంచీ నాది. కొన్నది కాదు, కూర్చుని కూర్చుని నాదైంది. ఆమెకు మూడేళ్ళ వయసులో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. తండ్రి లేడు. తల్లి పేరు పెద్దక్క, చేలల్లో కూలికి పోయేది. పదేళ్ళు వచ్చేదాకా కృపాకుమారి రెండు చేతులకూ రెండు హవాయి చెప్పులు తొడుక్కుని మా వీధిలో పాకుతూ తిరిగింది. ఆ తర్వాత వాళ్ళ చర్చి వాళ్ళు ఎవరినో పట్టుకుని కాలిపరు ఇప్పించారు. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనుప పట్టాలు, వాటికి తోలు బెల్టులు. అది బిగించుకుని, చంకలో ఒక కర్ర పెట్టుకుని మొదటిసారి నిలబడినప్పుడు, ఆ పిల్ల మా వీధిని పైనుంచి చూడడం అదే మొదలు. "మన ఇండ్లకు కిటికీలుండాయే!" అందట.

తొంభై ఎనిమిదిలో వికలాంగుల కోటాలో బూత్ వచ్చింది. అప్పటినుంచి ఆమె పొద్దున ఆరింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి పదింటికి లేచేది. ఊళ్ళో సగం మగవాళ్ళు బెంగళూరులో కట్టడాల పనికి పోయి ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు కబురు కోసం ఆమె దగ్గరికే రావాలి. నంబరు తిప్పడం ఆమే, అవతల మేస్త్రీని బతిమాలి మనిషిని పిలిపించడం ఆమే, కోపంతో మాట పెగలని భార్య తరఫున తిట్టడం కూడా ఆమే. మొగుణ్ణి అంత చక్కగా తిట్టగలిగే పెళ్ళికాని పిల్లను నేను ఇంకెక్కడా చూడలేదు. భోజనం కుర్చీలోనే, కునుకు కుర్చీలోనే. మూడేళ్ళలో మనిషి లావుగా ఊరిపోయింది.

ముందు కాలిపరు బెల్టు చివరి బెజ్జానికి వచ్చింది. తర్వాత బెజ్జమే అందలేదు. సైకిలు ట్యూబు ముక్కలతో కట్టుకుంది. మంచి కాలు, అదే ఎడమకాలు, బరువంతా తానొక్కటే మోసి మోసి మోకాలి దగ్గర వాచింది. అనంతపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి పెద్దక్కతో నేనూ తోడు పోయాను.

"చూడమ్మా, ఇప్పుడు కొత్త కాలిపరు ఇప్పించినా లాభం లేదు. మంచి మోకాలు మొయ్యదు. అది కూడా పోతే ఇక నిలబడలేవు" అన్నాడాయన. "డిసెంబరులో ఇక్కడ ఉచిత క్యాంపు ఉంది. అప్పటికి పదిహేను కిలోలు తగ్గి రా, కొలతలు తీయిస్తాను. అన్నం తగ్గించు, పండ్లు తిను, పొద్దున్నే వాకింగ్..."

అంటూనే నాలుక కరుచుకున్నాడు పాపం. కృపాకుమారే నవ్వేసి, "చేస్తాలే సార్, రెండో కాలు మీరు అప్పిస్తే" అంది.

తిరుగు బస్సులో మాత్రం నవ్వలేదు. కూడేరు దాటాక, "తాతా, ఇంటికి పోతానే ఆ హవాయి చెప్పులు యాడుండాయో చూడల్ల" అంది మెల్లగా. నాకు అప్పటికింకా మనవలు పుట్టలేదు, అయినా ఆమెకు నేను తాతనే. ఏ ప్రశ్నకైనా పది అబద్ధాలు సిద్ధంగా ఉండే నేను ఆ రోజు ఊరు వచ్చేదాకా కిటికీలోంచి మైలురాళ్ళు లెక్కపెట్టాను.

మర్నాటి నుంచి ఆమె తిండి మీద యుద్ధం ప్రకటించింది. పండ్లూ కూరలూ కొనే స్తోమత లేదు. ఉన్నది తగ్గించడమే దారి. అన్నం మానేసింది. రాగిసంగటి రెండు ముద్దలు ఒకటైంది, ఒకటి అరైంది. టీలో చక్కెర లేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ ఒక్కపూట తిని ఉపవాసం చేసింది. బరువు చూసుకోవడానికి శెనక్కాయల మండీలో బస్తాలు తూచే కాటా ఉంది, దానికి దుడ్లు అడిగేవాళ్ళు లేరు. కాటా దగ్గర ఉండే తిప్పన్న ఆమెను ఎక్కించుకుని, ముల్లు చూసి, "ఏం కృపమ్మా, మట్టీ తేమా కింద రెండు కిలోలు తరుగు తీసేస్తునా?" అని వెక్కిరించేవాడు.

"రైతుల దగ్గర తీసేది చాల్లేన్నా. ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నది ఉన్నట్టే ఉంది. ఉపవాసాలు అయ్యాక చూస్తే ఒక కిలో పెరిగింది కూడా. పెద్దక్క కాటా మీదే కూలబడి, "గాలి తిని లావైతాండాదప్పా నా బిడ్డ" అని ఏడ్చింది. నేను హంపిలో ఒక ఏనుగును చూశాననీ, అది వేణ్ణీళ్ళు తాగి మేకంత అయిందనీ, చివరికి దాన్ని మేకల సంతలో అమ్మేశారనీ చెప్పాను. కృపాకుమారి నవ్వింది. నవ్విందే గాని, వేణ్ణీళ్ళు మొదలుపెట్టింది. పాపం తగిలింది నాకు.

జూన్ వచ్చింది. మా వైపు జూన్ అంటే ఊరంతా విత్తనం శెనక్కాయలు ఒలిచే కాలం. మిషనుకు పోస్తే గింజ పైపొర చిట్లి మొలవదని రైతులు చేత్తోనే ఒలిపిస్తారు. బస్తాలు ఇళ్ళకు పంపిస్తారు, ఒలిచిన గింజ కొలిచి కూలి ఇస్తారు. పెద్దక్క తెచ్చుకున్న బస్తాల్లో ఒకటి ఎప్పుడూ బూత్‌లో కూతురి కాళ్ళ దగ్గర ఉండేది. ఒక చెవిన ఫోను, రెండు చేతులకూ కాయలు. ఇక్కడ మా వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఒలిచేవాళ్ళు నోట్లో వేసుకునే గింజను ఏ రైతూ లెక్క అడగడు. ఎంత పిసినారైనా అడగడు. అడిగితే ఆ విత్తనం మొలవదంటారు.

ఆ నెలలోనే కృపాకుమారికి దవడ పన్ను పుచ్చి, ముఖం ఒకవైపు గుమ్మడికాయలా ఉబ్బింది. ఆసుపత్రిలో పన్ను పీకేశారు. దానికి పుండు పడి నెల రోజులు ఏదీ నమలలేకపోయింది. పెద్దక్క కూతురి మీద జాలికొద్దీ బియ్యం మెత్తగా వండి, పాలూ బెల్లమూ వేసి గిన్నెడు గిన్నెడు తాగించింది.

"అయిపోయె. ఇంగ కాటా ఇరిగిపోతాది" అంది కృపాకుమారి.

మండీలో తిప్పన్న ముల్లు చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. కాటాను ఒక తన్ను తన్ని మూడోసారి చూశాడు.

"నాలుగు కిలోలు తగ్గిండాది!"

ఆ సాయంత్రం బూత్ ముందు పెద్ద పంచాయతీ జరిగింది. బియ్యమూ బెల్లమూ తిని మనిషి తగ్గడమేమిటి? పన్ను బరువు నాలుగు కిలోలు ఉంటుందా అన్నాను నేను. కృపాకుమారి వినడం లేదు. తన ఒళ్ళోని చేట వైపు చూస్తోంది. నెల నుంచి కాయలు ఒలుస్తూనే ఉంది, గింజలన్నీ చేటలోనే పడుతున్నాయి.

"అమ్మా, ఈ నెల్లో నేను తిననిది ఏందే?"

"అన్నీ తింటివి కదమ్మే. పాలు తాగితివి, బెల్లం తింటివి..."

"శెనక్కాయలు తినలే."

"అది తిండెట్లయితాదే? నోరు ఊరికే ఉండక ఏసుకునేది!"

"ఏసుకున్యాక యాడికి పోతాదమ్మా అది? చెవులో నుంచి బయటికొస్తాదా?"

పెద్దక్క తన నోట్లోని గింజను అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. బెంచీ మీద కూర్చున్న నేనూ అంతే, ఎందుకంటే నా నోట్లోనూ ఒక గింజ ఉంది. మా ఊళ్ళో ఎవరిని "ఏం తిన్నావు?" అని అడిగినా సంగటి అంటారు, చారు అంటారు, శెనక్కాయలు అన్నవాణ్ణి నేను చూడలేదు. పొద్దుటినుంచి రాత్రి దాకా ఫోను మోగినప్పుడొకటి, మోగనప్పుడు రెండు. సీజను లేనప్పుడు కూడా, చిల్లర లేని పల్లె ఆడవాళ్ళు మీటరు దగ్గర దోసెడు కాయలు పోసి పోయేవాళ్ళు. అర ముద్ద సంగటి తిని ఆకలికి అల్లాడిన పిల్ల, ఆ ఆకలిని మూడు ముద్దల నూనెగింజతో పూడ్చుకుంటోంది. ఎవరూ లెక్క అడగరు కాబట్టి తానూ లెక్కలో వేసుకోలేదు.

తెలిసింది. కానీ ఒలవడం మానేస్తే కూలి పోతుంది. పుండు మానగానే చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోతోంది. రెండు రోజులు తంటాలు పడి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఒలుస్తున్నంతసేపూ పాడడం. పాడే నోటికి నమలడం కుదరదు కదా. వాళ్ళ చర్చి పాటలు తెలిసినవన్నీ పాడింది. అవి అయిపోతే ధరలు పెరిగాయనీ, బస్సు రాలేదనీ సొంతంగా కట్టి పాడింది. ఆమె గొంతు గురించి నేను ఏమీ అనను. బెంగళూరుకు ఫోను చేసినవాళ్ళకు వెనక ఆ పాట వినిపించి, ఇక్కడ ఎవరో పోయారనుకుని ముగ్గురు మొగుళ్ళు పని వదిలి రాత్రి బస్సుకు వచ్చేశారు. వాళ్ళ భార్యలు ఆమెకు దండం పెట్టారు.

మిగిలింది ఒళ్ళు కదిలించడం. నడవలేదు, చేతులున్నాయి. బూత్ పక్కనే వీధి బోరింగు ఉంది. ఆ ఏడాది నీళ్ళు ఎంత లోతుకు పోయాయంటే, పొద్దున కొట్టడం మొదలుపెడితే మొదటి చుక్క రావడానికే చేతులు పడిపోయేవి. ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి, ఎవరు ముందు కొట్టాలని కొట్లాడుకునేవాళ్ళు. కృపాకుమారి తెల్లారేసరికి పోయి దాని పక్క బండ మీద కూర్చుంది.

"నేను కొడతా. బిందె మార్చేది మీరు."

"నీకెందుకమ్మా కష్టం?" అంది ఎదురింటి నల్లమ్మ.

"కష్టం కాదక్కా, నాకు మందు. డాక్టరు రాసిచ్చినాడు."

"బోరింగు రాసిచ్చే డాక్టరు యాడుండాడే! మా ఆయప్పను గూడా తోలకపోదును."

వారం తిరిగేసరికి వీధిలో కొట్లాటలు పోయాయి. నల్లమ్మ ఊరికే నీళ్ళు పట్టుకోవడం ఇష్టం లేక, తన పెరట్లోని మునగాకు కోసుకొచ్చి ఇచ్చింది. ఇంకొకామె మజ్జిగ, ఇంకొకామె ఉడకబెట్టిన ఉలవలు. కొనలేని కూరలన్నీ అలా వచ్చాయి. సంగటి మళ్ళీ పూటకొక నిండు ముద్ద తినసాగింది. కడుపు నిండితే శెనక్కాయ మీదికి మనసు పోదని అదీ ఆమే కనిపెట్టింది. ఆమె జబ్బలు ఎంత గట్టిపడ్డాయంటే, ఒకరోజు బోరింగు కొడుతుంటే గుంతకల్లులో ఇంజను నీళ్ళ తొట్టి ఎండిపోయిందని స్టేషను మాస్టరు ఫోను చేశాడు. ఇది కలిపిన చోటు.

కలపనిది ఇదీ. డిసెంబరులో క్యాంపు నాటికి పదిహేను అవలేదు, పన్నెండే తగ్గింది. డాక్టరు ఎడమ మోకాలు నొక్కి చూసి, వంచి చూసి, ఇంకోసారి నొక్కి, కొలతలు తీసేవాణ్ణి కేకేశాడు. పెద్దక్క ఆయన కాళ్ళ మీద పడబోతే వెనక్కి లాగడానికి నేనూ తిప్పన్నా ఇద్దరం కావలసి వచ్చింది. కొత్త కాలిపరు తేలికది, జనవరి నెలాఖరుకు చేతికి వచ్చింది.

ఆ వచ్చే ఆదివారం వాళ్ళ చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే రోజు. దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెప్పాలి. నేను హిందువునైనా బళ్ళారి కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో బాగా తెలుసు. వెనక వరసలో కూర్చున్నాను. కృపాకుమారి అన్నేళ్ళూ సాక్ష్యం కూర్చునే చెప్పేదట. ఆ రోజు కర్ర ఊతంతో లేచింది. కాలిపరు మోకాలి దగ్గరి ఇనుప కీలు టక్కుమని పడింది.

"పుచ్చిపోయిన నా పంటికి స్తోత్రం" అని మొదలుపెట్టేసరికి చర్చి అంతా గొల్లున నవ్వింది. ఆమె ఆగలేదు. మునగాకు ఇచ్చిన నల్లమ్మకు, చేతులు కాలినా పాలన్నం మెత్తగా చేసిన అమ్మకు, తరుగు తీయని తిప్పన్నకు, వాచిపోయి కూడా విరిగిపోని తన ఎడమ మోకాలికి, దొంగ ఏనుగు కథలు చెప్పే తాతకు, అందరికీ వరసగా వందనాలు చెప్పింది. శెనక్కాయకు కూడా చెప్పింది. "అది మా అమ్మను సాకింది, నన్నూ సాకింది. తప్పు దానిది కాదు" అంది.

అయిపోయాక కూడా అలాగే నిలబడి ఉంది. తర్వాత లేవాల్సినవాళ్ళు చూస్తున్నారు. పాస్టరుగారు నెమ్మదిగా, "ఇంక కూర్చోమ్మా" అన్నాడు.

"రోంతసేపు నిలబడతానయ్యగారూ" అంది.

ఆయన సరేనన్నట్టు తలాడించి, పక్క వరసలో వాళ్ళను పిలిచాడు.